పొడుగు జవాబు

ఆవిడకి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటుంది. రిటైరైన రోజున స్కూలువాళ్ళు ఇచ్చిన జ్ఞాపికమీద ఆ పేరు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది కూడా. కానీ ఆ పేరు చెప్పి వీధిలో ఇల్లడిగితే ఎవరికీ తెలియదు. స్కేలు మేడమ్ ఇల్లెక్కడ అనండి, ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి మరీ వచ్చి చూపిస్తాడు. లేడీస్ టైలరు కొట్టు పైన, పచ్చ తలుపు.

ఆ పేరు విన్న కొత్తవాళ్ళు, పాపం పిల్లల్ని ఎంత బాదిందో మహాతల్లి అనుకుంటారు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఆ స్కేలు ఒక్క పిల్లవాడి అరచేతిమీద కూడా పడలేదు. అది పడిందల్లా ప్రశ్నపత్రాలమీదే.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు జరిగిన సంగతి అది. ఏడో తరగతికి ఆవిడ ఇరవై మార్కుల బిట్ పేపరు ఇచ్చింది. ఒక ప్రశ్న, దాని కింద మూడు జవాబులు, సరైనదాని పక్కన టిక్కు పెట్టాలి, అంతే. ఏడాది పొడుగునా పుస్తకం తెరిచిన పాపాన పోని కుర్రాడొకడికి ఇరవైకి పదిహేడు వచ్చాయి. పక్కవాడి పేపరులో చూసి రాశాడేమో అనుకుందామంటే పక్కవాడికి వచ్చినవి తొమ్మిదే. ఆవిడ వాణ్ణి బడి వదిలాక ఆపింది. అవే ప్రశ్నల్లో మూడు నోటితో అడిగింది. వాడు ఒక్కదానికీ నోరు తెరవలేదు. మరి పదిహేడు ఎలా వచ్చాయిరా అని బుజ్జగించి అడిగితే, తల గోక్కుని అసలు సంగతి చెప్పాడు.

"నేను ప్రశ్నలు చదవలేదు మేడమ్. పొడుగ్గా ఉన్న జవాబుకి టిక్కు పెట్టుకుంటూ పోయాను. కరెక్ట్ జవాబు రాసేటప్పుడు మీరు జాగ్రత్తగా రాస్తారు కదా, అందుకని అది పొడుగవుతుంది. తప్పు జవాబులు ఏదో ఒకటి రాసి పడేస్తారు."

ఆవిడకి కోపం రావాలి, రాలేదు. ఇంటికెళ్ళి అయిదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందేసుకుని, పెట్టెలోంచి చెక్క స్కేలు తీసి కొలవడం మొదలుపెట్టింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నిజమైన జవాబులన్నీ లైను దాటి కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. అబద్ధం జవాబులన్నీ మొండిగా, బక్కగా, ఎవరికీ పుట్టనట్టు ఉన్నాయి.

ఆ మర్నాటి నుంచి ఆవిడ పద్ధతి మారిపోయింది. మూడు జవాబులూ ఒకే కొలతకి రావాలి. అరవేలు తేడా వచ్చినా మళ్ళీ రాసేది. తప్పు జవాబుకి కూడా ఒప్పు జవాబుకి పెట్టినంత బుద్ధి పెట్టాలండీ, లేకపోతే అది పరీక్ష కాదు, సైగ చెయ్యడం అనేది. స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళు. ఇన్విజిలేషనుకి వచ్చినవాళ్ళు ప్రశ్నపత్రం చూసి, ఇదేమిటి మేడమ్, జవాబులన్నీ యూనిఫారం వేసుకున్నట్టున్నాయి అనేవాళ్ళు. పిల్లలు ఆవిడకి స్కేలు మేడమ్ అని పేరు పెట్టారు. ఆ కుర్రాడికి పొడుగు జవాబు అని పెట్టారు.

పొడుగు జవాబు పెద్దవాడయ్యాడు. చదువబ్బదనుకున్నవాడు డిగ్రీ గట్టెక్కాడు, విలేకరిగా చేరాడు, మెట్టు మెట్టుగా ఎక్కి ఊళ్ళో ఎక్కువమంది చదివే పేపరుకి ఎడిటరయ్యాడు. ఆవిడ ఆ మాట పాలవాడి దగ్గర నుంచి పళ్ళ డాక్టరు దాకా ఎవరికి చెప్పలేదు గనక. నోట్లో దూది ఉన్నా సరే, మా స్టూడెంటేనండీ అని చెప్పిన మనిషి.

ఇంట్లో రెండు పేపర్లు వచ్చేవి. పొడుగు జవాబు పేపరు ఆవిడది. రెండోది ఆయనది. ఆయనంటే ఆవిడ భర్త, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, తలమీద ఒక్క వెంట్రుక లేకపోయినా దువ్వెన గుర్తు పార్టీకి వీరాభిమాని. ఆవిడ పేపరు తాళంచెవి గుర్తు పార్టీవైపు కొంచెం మొగ్గుతుందని అందరికీ తెలిసిందే. ఆయన పేపరు, ఆయన చూసే టీవీ చానెలు దువ్వెనవైపు మొగ్గుతాయనీ తెలిసిందే. వంతెన ప్రారంభమైతే ఒక పేపరులో జనం ఇసకేస్తే రాలనట్టు ఉండేవాళ్ళు, రెండో పేపరులో అదే మైదానంలో ఖాళీ కుర్చీలుండేవి. మొగుడూ పెళ్ళాలు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఇంతకీ మనం ఏ కుర్చీలో కూర్చున్నామండీ అని నవ్వుకునేవాళ్ళు. అది వాళ్ళ పొద్దుటి టీ కాలక్షేపం. పేపరు అన్నాక కొంచెం వాలకుండా ఎలా నిలబడుతుందిలే అని సరిపెట్టుకునేవాళ్ళు.

ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయనగా పొడుగు జవాబు స్వయంగా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక కవరు. ఫోనులో పెట్టబోయే క్విజ్ అట. మీ పార్టీ ఏది, ఇరవై ప్రశ్నల్లో తెలుసుకోండి, అని దాని పేరు. ఒక్కో ప్రశ్నకి మూడు జవాబులు. తాళంచెవికి ఒకటి, దువ్వెనకి ఒకటి, చిన్న పార్టీ అయిన బకెట్‌కి ఒకటి. ఏది ఎవరిదో పైకి కనపడదు. ఇరవైకీ టిక్కులు పెడితే మీ అభిప్రాయాలు ఏ పార్టీకి ఎంత శాతం కలిశాయో అదే చెబుతుంది. ఫోను లేనివాళ్ళ కోసం ఆదివారం పేపరులో ఒక పేజీ మొత్తం అదే వేస్తారట. భాష ఒకసారి చూసి పెట్టమని అడిగాడు. మీరు చూస్తే నాకు కొండంత ధైర్యం మేడమ్ అన్నాడు.

ఇంకేం, ఆవిడ గాల్లో తేలిపోయింది. ఎడిటరంతటివాడు గుమ్మంలోకి వచ్చి అడిగితే మాటలా. కళ్ళజోడు తుడుచుకుని, ఎర్ర పెన్ను తీసి కూర్చుంది. రెండు అచ్చు తప్పులు దిద్దింది. కొరుకుడు పడని మాటొకటి తీసేసి మామూలు మాట వేసింది. చివర బాగుంది అని రాసి సంతకం పెట్టింది. స్కేలు ఎదురుగా పెన్నుల గ్లాసులోనే ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఇది పరీక్ష కాదుగా, ఇందులో ఒప్పు జవాబంటూ లేదుగా అనుకుంది.

ఆదివారం పేపరు తెరిస్తే పేజీ తలమీద ఆవిడ ఫొటో. ముప్పై మూడేళ్ళ అనుభవం గల ఉపాధ్యాయిని పరిశీలించి ఆమోదించిన ప్రశ్నలు అని పెద్ద అక్షరాలు. ఫొటో వేస్తామని వాడు చెప్పలేదు, ఈవిడ అడగలేదు, పడ్డాక కోపమూ రాలేదు. అయిదు కాపీలు కొనుక్కొచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, ఆ పేపరులో ఇన్నాళ్ళకి ఒక్క నిజం పడింది, నీ ముక్కు అన్నారు.

మంగళవారం ఆవిడ దిండు గలీబులు తెచ్చుకుందామని కిందకి దిగింది. టైలరమ్మ మిషను ఆపి, మెడలో టేపు సర్దుకుని, మేడమ్ నేను పార్టీ మారిపోయానండీ అంది నవ్వుతూ.

ఈ టైలరమ్మ సంగతి చెప్పాలి. పదకొండేళ్ళుగా ఆమెది బకెట్ పార్టీ. గెలవదని తెలుసు, అయినా అదే. కారణం చాలా చిన్నది. కొట్టు ముందు మురిక్కాలువకి మూత లేనప్పుడు, మీటింగు పెట్టకుండా, ఫొటో తీయించుకోకుండా, బకెట్ పార్టీ మనిషొకామె నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి మూత వేయించింది. ఆ మూతమీద నిలబడే టైలరమ్మ రోజూ కొట్టు తీస్తుంది. అలాంటి మనిషికి క్విజ్‌లో తాళంచెవి ఎనభై అయిదు శాతం వచ్చింది.

"నేనూ మొదట నమ్మలేదు మేడమ్. మళ్ళీ అనుకున్నా, నా బుర్రకేం తెలుసు, నాలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. పైన మీ ఫొటో ఉంది. మీరు చూసిన పేపరంటే అందులో తప్పుండదు కదా. ఈసారి తాళంచెవికే వేసేస్తా."

స్కేలు మేడమ్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. మీ ఇంట్లో ఇంకెవరు చేశారమ్మా అని అడిగింది. అత్తగారికీ తాళంచెవేనట. తమ్ముడికీ తాళంచెవేనట. ఆ తమ్ముడు దువ్వెన జెండాలు కట్టుకుంటూ తిరిగే మనిషి. ఇన్నాళ్ళూ తప్పు పార్టీలో ఉన్నానా ఏమిటని పొద్దుటి నుంచి వాడు అన్నం కూడా సరిగ్గా తినలేదని చెప్పి టైలరమ్మ పడీ పడీ నవ్వింది.

ఆవిడ గలీబులు అక్కడే మరిచిపోయి మెట్లెక్కింది. ఆదివారం పేజీ బల్లమీద పరిచి, పెన్నుల గ్లాసులోంచి స్కేలు తీసింది. మొదటి ప్రశ్న, రోడ్ల గురించి. ఒక జవాబు: ఇప్పుడున్నవి చాలు. ఇంకొకటి: కొత్తవి వేయడమే పని. మూడోది: పిల్లలూ ముసలివాళ్ళూ భయం లేకుండా దాటగలిగేలా, ఎవరి ఇల్లూ పోకుండా, ఒక పద్ధతి ప్రకారం బాగుచేసుకుంటూ రావాలి. ఏది ఏ పార్టీదో పేజీ వెనక సన్న అక్షరాల్లో ఉంది. మూడోది తాళంచెవి. రెండో ప్రశ్న, ఆసుపత్రులు. పొడుగు జవాబు తాళంచెవి. మూడో ప్రశ్న, నీళ్ళు. తాళంచెవి. మధ్యలో ఒకచోట బకెట్ జవాబు కాస్త పొడుగ్గా కనపడితే ప్రాణం లేచొచ్చింది. చివరికి లెక్క తేలింది. ఇరవైలో పదిహేడు.

పదిహేడు. ఆవిడ స్కేలు కింద పెట్టింది.

తర్వాత పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, ప్రశ్నలమీద సరిగ్గా పడేలా ఒక పట్టీ తయారుచేసింది. దాన్ని పెడితే ప్రశ్నలు దాక్కుంటాయి, జవాబులు మాత్రం కనపడతాయి. ఆయన్ని పిలిచి టిక్కులు పెట్టమంది. ప్రశ్నలేవని ఆయన అడిగారు. వాటితో మీకేం పని, బాగున్న జవాబుకి పెట్టుకుంటూ పొండి అంది. ఆయన పెట్టారు. దువ్వెన పార్టీ పుట్టినప్పటి నుంచి అందులోనే ఉన్న మనిషికి తాళంచెవి ఎనభై శాతం వచ్చింది. ఇదేదో కనికట్టు, పేపరు ఇటివ్వు అని ఆయన మళ్ళీ చేశారు. ఈసారి ఎనభై అయిదు. ఇస్త్రీ అతనికి ఎనభై. పోస్టుమ్యాన్‌కి డెబ్భై అయిదు. ప్రశ్న ఏమిటో ఒక్కరికీ తెలియదు, అందరూ ఒకే పార్టీ.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, సంచిలో స్కేలు, పట్టీ, పేజీ పెట్టుకుని పేపరాఫీసుకి వెళ్ళింది. పై అంతస్తులో అద్దాల గది. గోడమీద నాలుగు టీవీలు, నాలుగింట్లో నలుగురు నోళ్ళు ఆడిస్తున్నారు, శబ్దం లేదు. పొడుగు జవాబు లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగాడు. టీ చెప్పాడు. వినయానికేం లోటు లేదు. ఆవిడ టీ ముట్టకుండా పేజీ పరిచి, ప్రశ్నలమీద పట్టీ పెట్టి, టిక్కు పెట్టరా అంది.

వాడికి అర్థమవడానికి ఎంతసేపు. మూడో టిక్కు దగ్గర పెన్ను ఆగిపోయింది. చిన్నప్పుడు తల గోక్కున్న చోటే ఇప్పుడూ గోక్కున్నాడు.

"ఒట్టు మేడమ్, కావాలని చేయలేదు. ప్రశ్నలు నేనే రాశాను. నేను నమ్మేదాన్ని కొంచెం వివరంగా రాసుంటాను. మిగతావి వాళ్ళు ఏమంటారో అది రాశాను."

ఆవిడ వాడి ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పడం లేదు. కావాలని చేసినవాడైతే నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేసేది, పని సులువయ్యేది.

"అప్పట్లో నేను మాత్రం కావాలని చేశానా? నాకు తెలిసిన జవాబు కదా అని దానికే మంచి మాటలన్నీ పెట్టాను. నువ్వు చెప్పాక దిద్దుకున్నాను. ఇప్పుడు నేను చెబుతున్నాను."

వాడు సాకులు వరసపెట్టాడు. ఫోనులో ఇప్పటికే నలభై వేలమంది చేసేశారట. యజమానిగారు పొంగిపోతున్నారట. పోలింగుకి పదకొండు రోజులే ఉంది, మధ్యలో మారిస్తే పరువు పోతుందట. ఆవిడ ఓపిగ్గా అంతా విని, సరే, ప్రశ్నలు మార్చొద్దు, నా పేరుతో నాలుగు లైన్లు వెయ్యి, నేను సరిగ్గా పరిశీలించలేదని నేనే రాసిస్తాను అంది. అది వేస్తే మొత్తం కూలిపోతుంది మేడమ్ అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, మీకు ఇబ్బందిగా ఉంటే రేపటి నుంచి మీ ఫొటో, ఆ లైనూ తీసేస్తాను, ఎవరికీ తెలియదు అన్నాడు.

"ఎవరికీ తెలియకుండా తీస్తే నా పేరు నాకెలా తిరిగొస్తుందిరా? ఊరందరికీ కనపడేలా పెట్టావు. ఊరందరికీ కనపడేలా తియ్యి."

వాడు టీవీలవైపు చూశాడు. ఆవిడ లేచి, సంచిలోంచి చెక్క స్కేలు తీసి వాడి బల్లమీద, గాజు కింద యజమానిగారి ఫొటో ఉన్న చోట అడ్డంగా పెట్టింది. కొలిచాక నువ్వే తెచ్చివ్వు అని చెప్పి మెట్లు దిగింది.

గురువారం ఫోనులోని క్విజ్‌లో ఆవిడ ఫొటో మాయమైంది. ఆ చోట పరుపుల ప్రకటన వచ్చింది. క్విజ్ అలాగే ఉంది. ఫొటో తీసేశారు చూశావా అని టైలరమ్మకి చూపిస్తే, ఫొటో ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి మేడమ్, చూసింది మీరే కదా అంది టైలరమ్మ. తాళంచెవి ఆమె మనసులో గట్టిగా తిరిగి కూర్చుంది.

స్కేలు మేడమ్‌కి అప్పుడు తిక్క రేగింది. ఆవిడకి తిక్క రేగడం అరుదు, రేగితే మాత్రం ఆయన కూడా టీవీ శబ్దం తగ్గించి పక్క గదిలోకి వెళ్ళిపోతారు.

పేపరాఫీసు బయట గోడకి ఒక పెద్ద చెక్కబోర్డు ఉంది. రోజూ పేపరు దానిమీద అంటిస్తారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, కొనుక్కోనివాళ్ళు అక్కడే చదువుకుంటారు. క్విజ్ పేజీ వారమంతా ఉండాలని దాన్ని ఒక పక్కన అలాగే ఉంచారు, ఫొటోతో సహా, పాతది. శుక్రవారం తొమ్మిదింటికి ఆవిడ ఆ బోర్డు ముందు నిలబడింది. చేతిలో పట్టీ ఉంది గానీ స్కేలు వాడి బల్లమీద ఉండిపోయింది. స్కేలు లేదని తెలిసి, ఆవిడ బయల్దేరేటప్పుడే టైలరమ్మ మెడలోంచి టేపు తీసి, సాయంత్రానికి తెచ్చెయ్యండి, నాకు రెండు జాకెట్లున్నాయి అని ఇచ్చింది. ఎందుకో మాత్రం అడగలేదు. మేడమ్ ఏదో కొలవబోతోంది, కొలత అన్నాక టైలరు కాదనదు.

వచ్చినవాళ్ళకి ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నలమీద పట్టీ పెట్టి, బాగున్న జవాబేదో వేలు పెట్టి చూపించమనేది. ఇరవై అయ్యాక పట్టీ తీసి, లెక్క చెప్పి, టేపుతో పొడుగులు కొలిచి చూపించేది. అంతే. మొదటిరోజు తొమ్మిదిమంది నిలబడ్డారు, రెండోరోజు బస్సు వచ్చినా ఎక్కకుండా ఇరవైమంది. ఒకాయన తనకి తాళంచెవే ఇష్టమని, అయినా ప్రశ్న చదవకుండా తాళంచెవి రావడం అవమానంగా ఉందని చెప్పి వెళ్ళాడు. పార్టీ కండువా వేసుకున్న ఒకతను దూరం నుంచే, ఏం మేడమ్, దువ్వెనవాళ్ళు ఎంతిచ్చారు అని అరిచాడు. ఆవిడ పక్కనే మడతకుర్చీలో కూర్చున్న ఆయన తలవైపు వేలు చూపించి, మా ఇంట్లో దువ్వెనతో ఎవరికి పనుందో నువ్వే చూసి చెప్పు నాయనా అంది. బస్‌స్టాపు మొత్తం గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

మూడోరోజు దువ్వెన చానెలువాళ్ళు మైకుతో పరిగెత్తుకొచ్చారు. తాళంచెవి పేపరు మోసం గురించి చెప్పమన్నారు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, పెళ్ళాం తన చానెల్లో కనపడబోతోందని. ఆవిడ మైకు పట్టుకున్న అమ్మాయిని, మీ చానెల్లో కూడా ఇలాంటిదే ఉందట కదమ్మా, ఏదీ, ఒకసారి ఫోనులో తియ్యి అంది. అమ్మాయి తీసింది. ఆవిడ ఫోను తెరమీద టేపు పెట్టి వరసగా కొలిచింది. అందులో ఇరవైకి పదిహేను దువ్వెనవే పొడుగు. పైగా తాళంచెవి జవాబుల్లో ఎక్కడ చూసినా అస్సలు, మొత్తం, ఎప్పటికీ అనే మాటలే. అలాంటి మాట ఉన్న జవాబుకి ఏడో తరగతి పిల్లలు కూడా టిక్కు పెట్టరు, నేను పెట్టిన పరీక్షలన్నిట్లో ఎవడూ పెట్టలేదు అని మైకులోనే చెప్పింది. మైకు మెల్లగా కిందకి దిగింది. ఆ రోజు ఆయన మూడు బులెటిన్లు చూశారు. అందులో వాళ్ళావిడ రాలేదు, ఎక్కడో దూడ బావిలో పడిన వార్త మూడుసార్లు వచ్చింది. ఆయన టీవీ కట్టేసి, వంతెన దగ్గర ఖాళీ కుర్చీలు కూడా వీళ్ళే వేసుంటారంటావా అని అడిగారు. మర్నాడు ఆయనే మడతకుర్చీ చంకన పెట్టుకుని ముందు బయల్దేరారు.

నాలుగోరోజు మాత్రం ఒక దెబ్బ తగిలింది. ఆఫీసు సంచి తగిలించుకున్న ఒకామె అన్నీ విని, బోర్డుమీది ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసి, ఇది మీరే కదా, మీరు చూసి బాగుందన్నదే కదా, మరి ఇప్పుడేమిటి అని అడిగింది. గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. స్కేలు మేడమ్ అవునమ్మా, నేనే అంది. ఇన్నిరోజులూ వాడి కొలతలు చూపిస్తోంది గానీ తన సంతకం సంగతి ఒక్కరికీ చెప్పలేదని అప్పుడు తట్టింది. సాయంత్రం దాకా ఆ మాట వదల్లేదు.

అయిదోరోజు వెళ్ళేసరికి బోర్డు బోసిగా ఉంది. క్విజ్ పేజీ లేదు, ఆ రోజు పేపరూ లేదు, ఎండిపోయిన జిగురు మరకలు తప్ప. అంటించొద్దని పైనుంచి చెప్పారని వాచ్‌మన్ చెప్పాడు. ముసలాయన, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ అంటే గౌరవం, ఉద్యోగం అంటే భయం.

పేజీ పోయింది కదా అని జనం తలో దారి పట్టారు. ఆయన కూడా కుర్చీ మడిచారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఎదురుగా పుస్తకాల కొట్టులో ఒక డ్రాయింగు షీటు, జిగురు సీసా, నల్ల స్కెచ్ పెన్ను తెచ్చుకుంది. ఆదివారం కొన్న అయిదు కాపీల్లో ఒకదాన్ని సంచిలోంచి తీసి, తన ఫొటో కత్తిరించి షీటు తలమీద అంటించింది. కింద రాసింది. ముప్పై మూడేళ్ళు నల్లబల్లమీద రాసిన చెయ్యి, రోడ్డు అవతలికి కూడా కనపడుతుంది.

"ఈ ఫొటోలో ఉన్నది నేనే. ఆదివారం వచ్చిన ఇరవై ప్రశ్నలు నేను చూసి బాగుందని సంతకం పెట్టాను. అది నా తప్పు. అక్షరాలు దిద్దాను, జవాబులు కొలవలేదు. నన్ను అడిగారన్న సంబరంలో కొలవలేదు. ఇప్పుడు కొలిచాను. పదిహేడు చోట్ల ఒకే పార్టీ జవాబు పొడుగు. టీవీవాళ్ళదీ కొలిచాను, అక్కడ పదిహేను ఇంకో పార్టీవి. మీరెవరికి ఓటెయ్యాలో ఈ కాగితం చెప్పదు. నన్ను చూసి మాత్రం వెయ్యొద్దు."

కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసింది. ఆ వీధి జనం ఆవిడ అసలు పేరు చదవడం అదే మొదటిసారి. ఓహో, ఇదా పేరు అనుకున్నారు. షీటు బోర్డుకి అంటించి, అరచేత్తో నాలుగు మూలలూ అదిమింది.

జనం మళ్ళీ మూగారు. పైన అద్దాల వెనక ఎవరో నిలబడ్డట్టు కనపడింది. కాసేపటికి వాచ్‌మన్ మెట్లెక్కి వెళ్ళి, దిగి వచ్చాడు. చింపెయ్యమన్నారమ్మా అన్నాడు, ఆవిడవైపు కాకుండా ఆయన కుర్చీవైపు చూస్తూ.

"చింపు బాబూ, నీ ఉద్యోగం నువ్వు చెయ్యి. షీటు రెండు నిమిషాల్లో రాస్తాను. పుస్తకాల కొట్టులో ఇంకా ముప్పై ఉన్నాయి, అడిగి వచ్చాను."

వాచ్‌మన్ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. చింపే ముందు చదవాలి కదా. వేలు పెట్టుకుని మెల్లగా, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. పేరు దాకా చదివాడు. చెయ్యి కిందకి దించేసి, నాకు అందడం లేదని చెబుతాను అని మళ్ళీ మెట్లెక్కాడు. షీటు వాచ్‌మన్ గడ్డం ఎత్తులోనే ఉంది.

ఈలోగా టేపు కోసం టైలరమ్మ వచ్చింది. ఇవాళ దాన్ని అడిగి తీసుకోవడానికే కొట్టు మూసి వచ్చింది, జాకెట్లు ఆగిపోయాయట. షీటు కనపడి నిలబడిపోయింది. రెండుసార్లు చదివింది.

"మీరూ తప్పు చేస్తారా మేడమ్?"

"చేశాను కదమ్మా, ఇక్కడ రాశాను."

"అయితే నా బకెట్టే నాకు సరైనదంటారా?"

"అది నేను చెప్పను. నీ కొలత నువ్వే తీసుకో. ఇంకొకళ్ళ కొలతలతో నువ్వెప్పుడైనా జాకెట్టు కత్తిరించావా?"

టైలరమ్మ నవ్వలేదు. టేపు తీసుకుని మెడలో వేసుకుని, పట్టీ కూడా అడిగి తీసుకుంది. ఆవిడ సంచిలో మిగిలిన కాపీ ఒకటి విప్పుకుని, పట్టీ ప్రశ్నలమీద పెట్టకుండా జవాబులమీద పెట్టుకుంది. ప్రశ్నలు మాత్రం కనపడేలా. మొదటిది చదివి, అరుగుమీద కూర్చుని, కాలువ మూత గురించి ఆలోచిస్తున్నట్టు వీధివైపు చూసింది. ముప్పై మూడేళ్ళలో స్కేలు మేడమ్‌కి తట్టని పద్ధతి అది.

వాచ్‌మన్ రెండోసారి దిగి వచ్చాడు. ఈసారి చేతిలో చెక్క స్కేలు ఉంది.

"సార్ ఇది మీకిచ్చేసి, దయచేసి ఇంటికెళ్ళమన్నారమ్మా."

ఆవిడ స్కేలు తీసుకుని తిప్పి చూసింది. అంచుమీద కొత్త గీత లేదు, పెన్సిలు మరక లేదు. కొలిచిన స్కేలు కాదది. తిరిగి వాచ్‌మన్ చేతిలోనే పెట్టింది.

"తీసుకెళ్ళి మళ్ళీ బల్లమీద పెట్టు బాబూ. దానికి అక్కడ పనుంది. అయ్యాక తననే తెచ్చివ్వమన్నానని చెప్పు."

"ఇప్పటికి రెండుసార్లు ఎక్కి దిగానమ్మా, మోకాళ్ళు పట్టేశాయి."

"అయితే తననే దిగమను. వాడి మోకాళ్ళకేం, నిన్నగాక మొన్న ఏడో తరగతి."

వాచ్‌మన్ స్కేలు పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడి పైకి చూశాడు. పైన అద్దాల వెనక ఉన్న మనిషీ అక్కడే నిలబడి ఉన్నాడు. స్కేలు మేడమ్ అటు చూడలేదు. ఆగిన బస్సులోంచి కొత్తగా దిగినవాళ్ళు బోర్డు దగ్గరికి వస్తున్నారు. టైలరమ్మ మెడలోంచి టేపు తీసి మళ్ళీ ఇచ్చింది, జాకెట్లు రేపు ఇస్తాలెండి అంటూ. ఆవిడ టేపు చాపి, రండి బాబూ, ముందు ఇది చదవండి, తర్వాత కొలుద్దాం అంది.